విశాఖ నుంచి కాకినాడకు సముద్రం పక్కగా కారులో: ఒక రోజు ప్రయాణానికి దారి చెప్పండి

మల్లెతీగ:
అందరికీ నమస్కారం. ఫిబ్రవరిలో ఒక శనివారం విశాఖపట్నం నుంచి కాకినాడకు కారులో వెళ్లాలనుకుంటున్నాం. నేను, మావారు, అత్తయ్యగారు, ఎనిమిదేళ్ల పాప. హైదరాబాద్ నుంచి రైల్లో విశాఖ దిగి, అక్కడ కారు అద్దెకు తీసుకుంటాం. ఆదివారం కాకినాడలో మా పిన్ని కూతురి సీమంతం ఉంది, శనివారం చీకటి పడేసరికి ఊళ్లో ఉండాలి. హైవే పట్టుకుంటే మూడు నాలుగు గంటల్లో చేరిపోతామని అందరూ అంటున్నారు. కానీ రోజంతా మా చేతిలో ఉంది. మ్యాప్‌లో తీరం వెంట సన్నటి గీతలు చాలా కనిపిస్తున్నాయి. చివరిదాకా సముద్రం పక్కనే వెళ్లే దారి ఉందా? అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేరు. పాపకైతే ఇసుక కనిపిస్తే చాలు.

గాజువాక కుర్రోడు:
అక్కా, చివరిదాకా లేదు. ఆ గీతలు నమ్ముకుని బయల్దేరితే ప్రతి పది కిలోమీటర్లకూ వెనక్కి తిరగాలి. విశాఖకు ఉత్తరాన భీమిలి వైపు ఉన్నట్టు దక్షిణాన ఉండదు. ఇటు డాల్ఫిన్స్ నోస్ కొండ, పోర్టు, గంగవరం పోర్టు, స్టీల్ ప్లాంట్, పరవాడలో సింహాద్రి విద్యుత్ కేంద్రం, అచ్యుతాపురం సెజ్, రాంబిల్లి దగ్గర నౌకాదళం వాళ్ల స్థలం. తీరమంతా ఇలా ముక్కలుముక్కలుగా కంచెల వెనక ఉంది. మధ్యలో అప్పికొండ, తంతడి, ముత్యాలమ్మపాలెం, పూడిమడక లాంటి మంచి తీరాలు ఉన్నాయి కానీ ఒక్కోదానికి హైవే నుంచి లోపలికి వెళ్లి మళ్లీ బయటకు రావాల్సిందే.

ఇంకో మాట. పొద్దున ఏడు దాటితే గాజువాక జంక్షన్‌లో షిఫ్టు బస్సులూ లారీలూ కలిసిపోతాయి. ఆరు లోపే దాటేయండి. మీరు మధురవాడ వైపు దిగితే అసలు గాజువాకకే రావద్దు. ఆనందపురం, పెందుర్తి మీదుగా అనకాపల్లికి ఆరు వరుసల బైపాస్ ఉంది, హాయిగా వెళ్లిపోవచ్చు.

భీమిలి వీధి:
సముద్రమే కావాలంటే దిశ మార్చుకోండి. విశాఖ నుంచి శ్రీకాకుళం వెళ్లండి. రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి దాకా సముద్రం మీ పక్కనే ఉంటుంది. భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ల సమాధులు చూసి, పైకి వెళ్తే చింతపల్లి లైట్‌హౌస్, ఇంకా పైకి శ్రీకూర్మం, కళింగపట్నం. దేశంలో కూర్మావతారానికి అంత పెద్ద గుడి మరొకటి చూపించండి చూద్దాం. కాకినాడ దారిలో ఏముందండీ, మూడు వంతులు హైవేనే కదా.

మల్లెతీగ:
భీమిలి వీధి గారూ, మీరు చెప్పిన దారి చాలా బాగుంది, ఇంకోసారి తప్పకుండా వెళ్తాం. కానీ సీమంతం కాకినాడలో. అటే వెళ్లాలి.

తుని మామిడి:
కాకినాడ దారిలో ఏముందో నేను చెప్తాను. మా వైపు వచ్చేవాళ్లంతా సముద్రం కోసమే కళ్లు పెట్టుకుని, దారిలో ఉన్నవి వదిలేసి పోతారు. అదే నా బాధ.

అనకాపల్లి దాటి యలమంచిలి వస్తుంది. అక్కడికి దగ్గర్లోనే హైవే నుంచి కొద్ది దూరం లోపలికి ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున ఊరు. పాప ఉంది కాబట్టి ఇది వదలొద్దు. అంకుడు కర్రను చిన్న యంత్రం మీద గిర్రున తిప్పుతూ ఉలితో చెక్కుతారు. తర్వాత రంగు కలిపిన లక్క కర్రను ఆ తిరిగే బొమ్మకు ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి బొమ్మకు అంటుకుంటుంది. అప్పటిదాకా పాలిపోయి ఉన్న కర్ర ముక్క క్షణాల్లో పసుపో ఎరుపో అయిపోతుంది. చివర్లో మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. రంగులు గింజలు, బెరళ్లు, వేళ్ల నుంచి తీస్తారు, అందుకే పసిపిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేదంటారు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ఈ బొమ్మలదే. మరీ పొద్దున్నే వెళ్తే పని మొదలుపెట్టి ఉండరు, తొమ్మిది ప్రాంతంలో చూసుకోండి.

అక్కణ్ణుంచి మళ్లీ హైవే ఎక్కి అడ్డరోడ్డు దగ్గర ఎడమకు తిరిగితే ఎస్.రాయవరం మీదుగా రేవుపోలవరం. గురజాడ అప్పారావు గారు 1862లో పుట్టింది ఆ రాయవరంలోనే, వాళ్ల మేనమామల ఇంట. రేవుపోలవరంలో కొండ వచ్చి సముద్రం అంచున నిలబడుతుంది. కారు చాలా దగ్గరి దాకా వెళ్తుంది, కాబట్టి పెద్దావిడకు నడక తక్కువ. మీ పాపకు కావలసిన ఇసుక ఇక్కడ దొరుకుతుంది. కాకినాడకు ముందొచ్చే ఉప్పాడలో దొరకదు, అది ముందే చెప్తున్నాను.

గాజువాక కుర్రోడు:
రేవుపోలవరానికి నా ఓటు కూడా. అయితే నీళ్లలోకి మోకాలి లోతు దాటి వద్దు. ఈ తీరం చూడ్డానికి ప్రశాంతంగా ఉంటుంది కానీ అడుగున లాగేస్తుంది. 2022 జూలైలో పూడిమడక దగ్గర ఇంజనీరింగ్ చదివే పిల్లలు కొట్టుకుపోయింది అందరికీ గుర్తుండే ఉంటుంది. ఈత బాగా వచ్చినవాళ్లకు కూడా ఇదే మాట చెప్తాను.

పొన్న చెట్టు:
మధ్యలో కొండకర్ల ఆవ ఎవరూ చెప్పలేదేం? అచ్యుతాపురం దగ్గర మంచినీటి సరస్సు. చలికాలంలో వలస పక్షులు వస్తాయి. రెండు తాటి మొద్దులు తొలిచి పక్కపక్కన కట్టిన దోనెల్లో తిప్పుతారు. తామరాకుల మధ్య నుంచి ఆ దోనె పోతుంటే చప్పుడే ఉండదు.

తుని మామిడి:
కొండకర్ల బ్రహ్మాండంగా ఉంటుంది, కాదనను. కానీ మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడను ఆ దోనెలో కూర్చోబెట్టలేం. పైగా అచ్యుతాపురం రోడ్డు కంపెనీల లారీలతో నిండి ఉంటుంది. విశాఖలో ఉండేవాళ్లు ఒక ఆదివారం పొద్దున దానికోసమే వెళ్లి రావాలి. ఈ ప్రయాణంలో ఇరికించొద్దు.

లెక్కల మాస్టారు:
అమ్మా, ఇంకెవరైనా చెప్పే ముందు నేనొకటి అడుగుతాను. ఉప్పాడ నుంచి కాకినాడకు బీచ్ రోడ్డులో వెళ్లాలన్నది మీ ఆలోచనలో ఉందా? ఉంటే రోజంతా దాన్నిబట్టి కుదుర్చుకోవాలి. మిగతావన్నీ ఎప్పుడైనా చూడొచ్చు.

మల్లెతీగ:
ఉందండీ. నిజానికి ఈ ఆలోచన మొత్తం అక్కణ్ణుంచే వచ్చింది. పెళ్లికి ముందు ఆ రోడ్డు మీద బస్సులో వెళ్తే కెరటం తుంపర కిటికీలోంచి మొహం మీద పడిందని అత్తయ్యగారు ఎప్పుడూ చెప్తుంటారు. ఇప్పుడు ఆ రోడ్డు ఉందో లేదో కూడా తెలియదు. వార్తల్లో ఎప్పుడూ కొట్టుకుపోయిందనే చూస్తున్నాం.

ఉప్పుగాలి:
మాది ఉప్పాడ కొత్తపల్లి మండలమేనండి. రోడ్డు ఉంది. కొట్టుకుపోతుంది, మళ్లీ వేస్తారు, మళ్లీ కొట్టుకుపోతుంది. 2025 అక్టోబర్‌లో మోంథా తుపాను వచ్చినప్పుడు కూడా బాగా దెబ్బతింది. కాబట్టి ఈ రోజు నేను చెప్పేది మీరు వచ్చే నాటికి అలాగే ఉంటుందని మాట ఇవ్వలేను. బయల్దేరే ముందు రోజు ఇక్కడే అడగండి, చూసి చెప్తాను.

ఇంత కోత ఇక్కడే ఎందుకు ఉంటుందో తెలిస్తే రోడ్డు కూడా అర్థమవుతుంది. కాకినాడకు ఎదురుగా సముద్రంలో హోప్ ఐలాండ్ ఉంది. గోదావరి తెచ్చిన ఇసుకతో ఏర్పడిన దిబ్బ, పొడవు సుమారు 16 కిలోమీటర్లు. దాని చాటున ఉండబట్టే కాకినాడ రేవులో నీళ్లు కదలకుండా ఉంటాయి, అక్కడ రేవు వెలిసిందీ అందుకే. ఉప్పాడ ఆ చాటుకు ఉత్తరాన, బయట పడిపోయింది. కెరటం బలం తగ్గకుండా నేరుగా వచ్చి తగులుతుంది. ఇసుక వచ్చి చేరడమూ తగ్గింది. రాళ్లు వేశారు, జియోట్యూబులని ఇసుక నింపిన పెద్ద గొట్టాలు పరిచారు. కొన్నాళ్లు ఆగింది, తర్వాత అవీ చిరిగాయి.

మా చిన్నప్పుడు ఊరికీ నీళ్లకీ మధ్య ఇసుక మీద ఆడుకునేవాళ్లం. ఇప్పుడు ఆ చోటు నీళ్లలో ఉంది. ఇళ్లు పోయాయి, గుళ్లు పోయాయి. తుపాను వెలిసిన మర్నాడు ఆడవాళ్లూ పిల్లలూ ఒడ్డున కూర్చుని ఇసుక జల్లెడ పడుతుంటారు. పూర్వం మునిగిన ఇళ్లల్లోని బంగారం రవ్వలు రవ్వలుగా బయటపడుతుందని. 2020లో నివర్ తుపాను తర్వాత అలా దొరికాయని పేపర్లలో కూడా వచ్చింది.

మీరు వచ్చేటప్పుడు ఏం కనిపిస్తుందంటే, ఎడమ చేతి వైపు నల్లరాళ్ల గట్టు, దాని కింద సముద్రం. కొన్నిచోట్ల తారు అంచు విరిగి గాల్లో ఉంటుంది, అక్కడ కారు ఆపకండి. కుడి వైపు ఇళ్లు. పడవలు లాక్కోడానికి ఇసుక లేక, ఇళ్ల మధ్య సందుల్లోకి తెచ్చి పెట్టుకుంటారు. రోడ్డు మీదే పట్టాలు పరిచి ఎండుచేపలు ఆరబోస్తారు. దయచేసి హారన్ కొట్టి వాళ్లను లేపకండి, చక్రం పట్టా అంచు తొక్కకుండా నెమ్మదిగా పోనివ్వండి. అది వాళ్ల వాకిలి.

గాజువాక కుర్రోడు:
అన్నా, ఇంతకీ ఏ వైపు నుంచి ఎక్కాలి? పిఠాపురం వైపు నుంచా, తుని వైపు నుంచా?

ఉప్పుగాలి:
రెండూ ఉన్నాయి. అన్నవరం నుంచి తొండంగి మీదుగా పెరుమాళ్లపురం వచ్చి, అక్కణ్ణుంచి కోనపాపపేట, మాయాపట్నం, సూరాడపేట, ఉప్పాడ. ఇది తీరం దారి, సముద్రం కనిపిస్తూ మాయమవుతూ ఉంటుంది. కొబ్బరి తోటలు, సరుగుడు తోటలు. రోడ్డు సన్నం. వాన పడ్డ రోజైతే ఇటు వద్దు. రెండోది కత్తిపూడి దగ్గర 216 హైవే ఎక్కి, గొల్లప్రోలు మీదుగా పిఠాపురం వచ్చి, ఎడమకు తిరిగి ఉప్పాడ. ఇది మంచి రోడ్డు. ఉప్పాడ నుంచి నేమాం, వాకలపూడి లైట్‌హౌస్ మీదుగా కాకినాడ. సముద్రం నిజంగా మీ పక్కనే నడిచేది ఈ ఉప్పాడ-కాకినాడ ముక్కలోనే.

మీరు విశాఖ నుంచి వస్తున్నారు కాబట్టి సముద్రం ఎడమ వైపు ఉంటుంది. మన బండ్లు నడిచేదీ ఎడమే. అత్తయ్యగారిని ముందు ఎడమ సీట్లో కూర్చోబెట్టండి.

లెక్కల మాస్టారు:
ఇక పోటు, పాటు సంగతి. సముద్రం నీళ్లు పైకి రావడం పోటు, వెనక్కి తగ్గడం పాటు. అమావాస్యకూ పౌర్ణమికీ అటూఇటూ రెండేసి రోజులు పోటు ఎక్కువ. సూర్యుడూ చంద్రుడూ ఒకే గీత మీద ఉండి నీటిని కలిసి లాగుతాయి. అష్టమి ప్రాంతంలో తక్కువ. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి, మర్నాటికి వేళ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. మీ శనివారం ఏ తిథో పంచాంగంలో చూడండి. కాకినాడ రేవు పోటుపాట్ల వేళలు ఫోన్‌లోనే దొరుకుతాయి. నీళ్లు బాగా తగ్గిన పాటు వేళకు ఉప్పాడలో ఉండేట్టు చూసుకుంటే రోడ్డు పొడిగా ఉంటుంది. మీ అత్తయ్యగారి తుంపర కావాలంటే మాత్రం పోటు దిగడం మొదలైన కాసేపటికి వెళ్లండి. రాళ్లకు తగిలి ఎగిరేది అప్పటికీ ఉంటుంది, రోడ్డు మీదికి నీళ్లు రావు.

బంగాళాఖాతంలో అల్పపీడనం ఉంటే తిథి లెక్కలు పక్కన పెట్టండి. కెరటాలు పెద్దవైతే పోలీసులు ఆ రోడ్డు మూసేస్తారు. బతిమాలకండి, వెనక్కి తిరిగి పిఠాపురం మీదుగా వెళ్లిపోండి. ఫిబ్రవరిలో ఆ బెడద తక్కువ.

అడ్డాకు ప్రసాదం:
అన్నవరం పేరు ఇందాకటి నుంచి వినిపిస్తోంది, దర్శనం గురించి ఎవరూ చెప్పలేదు. రత్నగిరి కొండ పైదాకా ఘాట్ రోడ్డు ఉంది, మెట్లెక్కక్కర్లేదు. పై నుంచి పంపా నది, చుట్టూ కొండలు చూస్తే కళ్లు నిండిపోతాయి. దర్శనం వరకే అయితే సరే. వ్రతం చేయించాలని అత్తయ్యగారు అంటే ఆ రోజు ఉప్పాడ మాట మరిచిపోండి, వ్రతాన్ని హడావిడిగా కానిచ్చేది కాదు. కొండ ఎక్కడానికి వీలు కాకపోయినా ప్రసాదం మాత్రం వదలొద్దు. గోధుమరవ్వ, నెయ్యి వేసి చేస్తారు. ఆకులో పొట్లం కట్టి ఇస్తారు. వేడి మీద ఆ ఆకు వాసన ప్రసాదానికి పట్టి ఉంటుంది, ఇంట్లో ఎంత నెయ్యి పోసి చేసినా అది రాదు.

యానాం గట్టు:
ఇంత దూరం వచ్చి కోరింగ చూడకుండా పోతారా? మడ అడవుల మధ్య చెక్క వంతెన మీద నడుస్తుంటే కింద బురదలో పీతలు, వేళ్లు పైకి పొడుచుకొచ్చిన మడ చెట్లు. నీటికుక్కలు, చేపలు పట్టే బావురుపిల్లులు ఉన్న అడవి అది. కాకినాడ నుంచి యానాం దారిలో ఇరవై కిలోమీటర్ల లోపే. సాయంత్రం పెట్టుకోండి.

తుని మామిడి:
పొద్దున బొమ్మలు, తర్వాత బీచ్, మధ్యాహ్నం గుడి, తర్వాత ఉప్పాడ, సాయంత్రం మడ అడవి! పాప ఏడుస్తుంది, పెద్దావిడ పడుకుంటుంది, నడిపేవాళ్లకు విసుగొస్తుంది. కోరింగకు పూర్తిగా ఒక పూట ఇవ్వాలి. సీమంతం అయ్యాక సోమవారం పొద్దున వెళ్లమనండి.

యానాం గట్టు:
అది కూడా నిజమే. సోమవారమైతే ఎండెక్కకముందే వెళ్లండి. పడవ ఎక్కాలనుకుంటే మాస్టారు గారు చెప్పిన పోటు వేళలు ఇక్కడా పనికొస్తాయి, కాలువలో నీళ్లుంటేనే పడవ కదులుతుంది.

మల్లెతీగ:
అందరికీ ఎన్ని థాంక్స్ చెప్పినా తక్కువే. ఇలా అనుకున్నాం. పొద్దున ఐదున్నరకు బయల్దేరడం. అనకాపల్లి దాటాక టిఫిన్. ఏటికొప్పాక, తర్వాత రేవుపోలవరంలో గంట సేపు. అన్నవరంలో దర్శనం, భోజనం. మూడు లోపు ఉప్పాడ. తీరం దారా, పిఠాపురం దారా అన్నది ఉప్పుగాలి గారు ముందు రోజు చెప్పినదాన్నిబట్టి. వెలుగుండగానే కాకినాడ. ఏమైనా తప్పుంటే చెప్పండి. ఇంకో ప్రశ్న, ఉప్పాడలో చీర కొనాలని ఉంది. సీమంతానికి పెట్టాలి. అసలుది ఎలా గుర్తుపట్టాలి?

పొన్న చెట్టు:
చీర తిరగేసి చూడండి. ఉప్పాడ జాందానీలో బుటా రెండు వైపులా ఒకేలా ఉంటుంది. వెనక వైపు కత్తిరించిన దారాలు, ఒక బుటా నుంచి ఇంకో బుటాకు వేలాడే పోగులు కనిపిస్తే అది అసలు జాందానీ కాదు. చేత్తో నేసేటప్పుడు ప్రతి బుటాకూ విడిగా చిన్న కండె పెట్టి, వేళ్లతోనే ఆ పోగును అక్కడికక్కడే తిప్పుతారు. మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. పనితనం ఎక్కువున్న చీరకు నెలలు పట్టేస్తుంది. భౌగోళిక గుర్తింపు 2009లోనే వచ్చింది. కాబట్టి మరీ చవగ్గా ఇస్తామంటే అనుమానించాల్సిందే. వీలైతే షాపులో కాకుండా మగ్గం ఉన్న ఇంట్లో కొనండి, డబ్బు నేసిన చేతికి వెళ్తుంది. ఊళ్లో ఎవరినడిగినా చూపిస్తారు.

ఉప్పుగాలి:
ప్లాన్ బాగుంది. ఒక్క మార్పు. చీరకు గంటన్నర వేసుకోండి, అరగంటలో తెమలదు. కాబట్టి రెండింటికల్లా ఉప్పాడలో ఉండండి. చీర కొన్నాక బీచ్ రోడ్డు ఎక్కండి. అద్దె కారైతే స్టెప్నీలో గాలి ఉందో లేదో తీసుకునేటప్పుడే చూడండి, ఇటు తీరం వైపు పంక్చర్ షాపులు దగ్గరదగ్గరగా ఉండవు. ఫాస్టాగ్‌లో డబ్బులుంచుకోండి, నక్కపల్లి దగ్గర వేంపాడులో టోల్ ఉంది.

ఉప్పుగాలి:
మల్లెతీగ గారూ, శుక్రవారం సాయంత్రం వెళ్లి చూసొచ్చాను. ఉప్పాడ నుంచి కాకినాడ రోడ్డు తెరిచే ఉంది, ఒకచోట మాత్రం రాళ్లు దించుతున్నారు, ఒంటి వరుస. కోనపాపపేట వైపు గుంతలున్నాయి. పెద్దావిడ నడుముకు మంచిది కాదు. పిఠాపురం మీదుగా రండి.

మల్లెతీగ:
వెళ్లొచ్చాం! పిఠాపురం మీదుగానే వెళ్లాం. ఏటికొప్పాకలో ఒక పెద్దాయన పాప చేతికి లక్క కర్ర ఇచ్చి, తన చెయ్యి పైన పెట్టి బొంగరానికి రంగు పట్టించారు. రేవుపోలవరంలో అనుకున్నదానికంటే చాలాసేపు ఉండిపోయాం, దాంతో అన్నవరంలో కొండ ఎక్కలేదు. ప్రసాదం కింద తీసుకున్నాం, అత్తయ్యగారు పై వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నారు. వ్రతానికి కార్తీకంలో విడిగా వస్తామని మొక్కుకున్నారు.

ఉప్పాడలో లేత ఆకుపచ్చ చీర తీసుకున్నాం, నేసినవాళ్ల ఇంట్లోనే. బీచ్ రోడ్డు ఎక్కేసరికి నాలుగు దాటింది. అద్దం దించుకుని కూర్చున్నారు అత్తయ్యగారు. తను చూసిన రోజుల్లో రోడ్డుకూ నీళ్లకూ మధ్య ఉన్న పాకలు, తాటి చెట్లు ఏవని అడుగుతుంటే మా దగ్గర జవాబు లేదు. ఎండుచేపలు ఆరబెడుతున్న ఒకావిడ దగ్గర బండి ఆపి, వాళ్లిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆవిడ ఇల్లు ఇప్పటికి రెండుసార్లు వెనక్కి జరిగిందట. ఈసారి జరగడానికి వెనక స్థలం లేదంది.

రెండు చక్రాలు:
ఇదంతా చదివాక నాకూ వెళ్లాలనిపిస్తోంది. మాది కాకినాడే. బైక్ మీద ఇటు నుంచి అటు, తుని దాకా తీరం దారిలో వెళ్దామనుకుంటున్నాను. ఏప్రిల్ నెలాఖరులో అయితే ఎలా ఉంటుంది?

ఉప్పుగాలి:
బైక్‌కు కోనపాపపేట దారే బాగుంటుంది, గుంతలు తప్పించుకోవచ్చు. కానీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మర పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, పెద్ద చేపల సందడి కనిపించదు. వలలు బాగుచేసుకోవడం, పడవలకు రంగులు వేయడం చూడొచ్చు. ఎండ మాత్రం చంపేస్తుంది, ఐదింటికల్లా కాకినాడలో బయల్దేరితే ఉప్పాడ దగ్గర తెల్లవారుతుంది. సముద్రం కుడి వైపు వస్తుంది కాబట్టి ఆగాలనుకున్నప్పుడు రోడ్డు దాటాలి, వెనక ఆటోలు చూసుకోండి. నీళ్లు రెండు బాటిళ్లు పెట్టుకోండి. ఉప్పాడ దాటాక పెట్రోల్ బంకు కోసం చూడకుండా కాకినాడలోనే ట్యాంకు నింపుకోండి.